పొద్దుతిరుగుడు మొక్కకు దిష్టికుండ

నేను ఒక మట్టికుండీని. కుమ్మరి ఆవంలో పక్కకు ఒరిగి కాలినందువల్ల నా మూతి కాస్త వంకర. అది చూసి కూడా మదనపల్లెలో రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు పశుపతి గారు నన్ను కొన్నారు. అడుగున చిల్లు సరైన చోట ఉందట. అంతటి హేతువాదిని నేను మళ్లీ చూడలేదు.

ఆయన తెప్పించిన పొద్దుతిరుగుడు గింజలు మన చేలల్లోవి కావు. చలిదేశపు అడవి జాతి. ఒకసారి నాటితే ఏటా వేరు నుంచే చిగురిస్తాయి. స్వస్థలంలో మంచు కింద ఒక శీతాకాలం గడిపితే తప్ప మొలవవు. అందుకని ఆయన వాటిని తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన ఆ శీతాకాలాన్ని ఏర్పాటు చేశారు. పిమ్మట నాలో విత్తారు. మొలిచినవాటిలో ఒక్కటే బతికింది. దాన్ని పెరటి నేలలోకి మార్చి, నన్ను గోడవారన పడేశారు.

ఆ ఏడు పువ్వు పూయలేదు. వేసవి రాగానే మొక్క మొదలంటా ఎండిపోయింది.

"దిష్టిరా పశుపతీ! వీధిలో పొయ్యేవాళ్లనంతా పిలిచి చూపిస్తివి గదా," అంది ఆయన ఇంట్లోనే ఉండే అక్క కనకవల్లి.

"వేరు నిద్రపోతా ఉండాది, అంతే. వానలకు లేవకుంటే నువ్వు చెప్పిన గుళ్లో కొబ్బరికాయ కొడతాలే అక్కా."

జన్మలో పచ్చడికి తప్ప కొబ్బరికాయ కొట్టని మనిషి మాట అది. ఆమె వెంటనే నాకు సున్నపు చుక్కలు పెట్టి, నడుమ పెద్ద కుంకుమబొట్టు దిద్ది, ఎండిన మోడు మీద బోర్లించింది. ఆయన అడ్డు చెప్పలేదు. దిష్టికుండ వల్ల ఒరిగేదేమీ లేదని రుజువు చేయడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదనుకున్నారు. అయినా రోజూ నా చిల్లులో చెంబెడు నీళ్లు పోసి, ఒంటికన్నుతో లోపలికి తొంగిచూసేవారు. ఫలితం మీద నమ్మకమున్నవాడు అలా చూడడు.

తొలకరి తరువాత నా చిల్లులోంచి ఒక చిగురు, గుండు మీద పిలకలా పైకి లేచింది.

"చూసినావా, దిష్టి పోయింది!"

"చూసినావా అక్కా, వేరు లేసింది!"

ఇద్దరూ ఒకేసారి గెలిచారు. నేను చేసిందల్లా నేలకు నీడ పట్టడం. కాని కుండను సాక్ష్యమడిగే అలవాటు మనుషులకు లేదు. ఆ ఏడు పెరడంతా పసుపుపచ్చని పూలు.

మరుసటి వేసవిలో మొక్క మళ్లీ ఎండింది. అక్క బజారుకు వెళ్లిన సమయం చూసి పశుపతి గారు స్వయంగా సున్నం కలిపి, వెలిసిపోయిన నా చుక్కలను దిద్దారు. ఆమె సంచితో సహా తిరిగొచ్చి వెనకే నిలబడింది.

"ఏంరా ఇది?"

"తెల్లరంగు ఎండను తిప్పికొడుతుందక్కా. ఫిజిక్స్."

"మరి ఆ బొట్టు?"

ఆయన కుంకుమ అంటిన వేలిని వీపు వెనక దాచుకున్నారు. జవాబు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.