ప్రూయెట్ కౌంటీ చివరి చలికాలం

తెల్లవారగానే థర్జా బోడైన్ చేసే మొదటి పని పొయ్యి చూసుకోవడం. రాత్రి బూడిద కప్పి ఉంచిన నిప్పును ఇనప కడ్డీతో కదిపి, ఎర్రగా కన్ను తెరవగానే పిడక తుంచి వేసేది. అది రాజుకున్నాక ఇంకోటి. ఆ తరవాతే కాఫీకి నీళ్ళు పెట్టడం, మొక్కజొన్న జావ కలపడం, మొగుణ్ణి లేపడం. పడమటి కాన్సస్‌లో చెట్టనేది లేదు కాబట్టి ఎవరి పొయ్యిలోనైనా పిడకలే. మొదట్లో వచ్చినవాళ్ళు అడవిదున్నల పేడ కాల్చారు. దున్నలు అయిపోయాక ఆవులది. మొదట్లో ఆడవాళ్ళు పిడకల్ని పట్టకారుతో పట్టుకునేవారట. రెండో ఏటికి గుడ్డతో, మూడో ఏటికి వట్టి చేత్తో. అదే చేత్తో రొట్టె కూడా పిసికేవారని మా మేనత్త చెప్పి నవ్వేది.

థర్జా పొయ్యి మాత్రం ఏడాదికి పైగా ఆరలేదు. మండువేసవిలో కూడా. ఆరితే ఇల్లు లేచి వెళ్ళిపోతుంది.

ఆ కౌంటీలో చెక్క ఇళ్ళన్నీ అంతే. ఆ చెక్క ఎక్కడో విస్కాన్సిన్ అడవుల్లో పెరిగి, రైలెక్కి, బండెక్కి వచ్చింది. దానికి ఆ నేల మీద మమకారం ఏముంటుంది? ఊరు కళకళలాడినన్నాళ్ళూ ఊరుకుంది. రైలు కంపెనీ పట్టాలను దక్షిణాన, పక్క కౌంటీలో ఉన్న కాల్‌వెల్ మీదుగా వేశాక ఇళ్ళు ఒక్కొక్కటే లేవడం మొదలైంది. పొయ్యిలో నిప్పున్నంతసేపూ కదిలేవి కావు. చల్లారితే, నేల గట్టిగా ఉన్న రోజు చూసుకుని, గోడలు ఒకసారి విదిలించుకుని దక్షిణానికి నడిచేవి. ఎద్దు కంటే మెల్లగా. ఇంటివాళ్ళు పటాలు దింపి, గాజు సామాను దుప్పట్లలో చుట్టి, బల్ల చుట్టూ కూచునేవారు. మెథడిస్టు పాస్టరుగారి ఇల్లు ఆదివారం కీర్తన మధ్యలో లేచింది. ఆయన కీర్తన ఆపకుండానే కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. గడ్డివేళ్ళతో సహా కోసిన మట్టిపెళ్ళలతో కట్టుకున్న పేదవాళ్ళ ఇళ్ళు మాత్రం కదిలేవి కావు. అవి ఆ నేలవే.

కౌంటీ సంగతి కొంచెం చెప్పాలి. రాజధానిలో ఎవరో పటం మీద నాలుగు గీతలు గీసి, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న ప్రూయెట్ అనే కర్నలు పేరు పెట్టారు. ఆయన ఆ చుట్టుపక్కలకు ఎన్నడూ రాలేదు. కౌంటీ కచేరీ ఎక్కడ కట్టాలని ఆర్బెలా, హోప్‌వెల్ అనే రెండు ఊళ్ళకు పెద్ద తగువు. తుపాకులు కూడా పేలాయి. చచ్చింది మాత్రం మంగలివాడి కంచరగాడిద ఒక్కటే. దాని సంతాపసభకు వచ్చినంత జనం ఆ కౌంటీలో మరే సభకూ రాలేదు. చివరికి ఓట్లలో ఆర్బెలా గెలిచింది. కచేరీ కట్టింది వడ్రంగి ఏసా బోడైన్, థర్జా మొగుడు. రెండంతస్తులు, పైన చిన్న బురుజు. బురుజులోకి గంట తెస్తామన్నారు, తేలేదు. మిగిలిన చెక్కతో ఊరికి ఉత్తరాన మైలు దూరంలో తన పొలంలో ఏసా ఇల్లు కట్టుకున్నాడు.

ఆ కౌంటీలో అందరూ బయటివాళ్ళే. ఒహాయో, ఇల్లినాయ్, స్వీడన్. పిల్లలు కూడా అక్కడ పుట్టేవారు కారు. మంత్రసాని కాల్‌వెల్‌లో ఉండేది, నెలలు నిండగానే ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళి కనివచ్చేవారు. థర్జా కూడా బండి కట్టించుకుంది. మంచు తుపాను వచ్చి బండి కదల్లేదు. ఆ ఇంట్లోనే, పొయ్యి పక్కనే ఆడపిల్ల పుట్టింది. కౌంటీలో పుట్టిన మొదటి బిడ్డ అని కచేరీకి సెలవిచ్చి, అధికారులంతా టోపీలు చేత పట్టుకుని చూడడానికి వచ్చారు. ప్రూయెట్టా అని పేరు పెట్టించారు. ఇంట్లో ఎట్టా అనేవారు. ఆమె తరవాత ఆ కౌంటీలో ఇంకెవరూ పుట్టలేదు.

ఎట్టాకు మాటలు బాగా వచ్చి, ఏసా టోపీ పెట్టుకుని తిరిగే వయసులో గొంతు మూసుకుపోయే జబ్బు వచ్చింది. ఇంటి వెనక చిన్న మిట్ట మీద పడుకోబెట్టి, తల దగ్గర శిలువ పాతారు.

ఆ మిట్ట కోసమే పొయ్యి. పొలం మీద కప్పున్న కట్టడం ఉంటేనే ఆ పొలం నీదని సర్కారు ఒప్పుకునేది. ఇల్లు వెళ్ళిపోతే పొలం పశువుల కంపెనీకి పోతుంది. ముళ్ళకంచె ఇప్పటికే ఉత్తరం నుంచి పాకుకుంటూ వస్తోంది. లిండ్‌గ్రెన్ వాళ్ళ ఇల్లు వెళ్ళిన నెలకే వాళ్ళ పిల్లల సమాధుల మీద పశువులు తిరిగాయి. థర్జా వెళ్ళి చూసింది. శిలువ ముక్క ఒకటి గిట్టల గుంటలో దొరికింది. ఇంటికొచ్చి పొయ్యిలో ఇంకో పిడక వేసింది.

కచేరీలోనూ ఒక పొయ్యి ఉంది. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే వాళ్ళ ఉద్యోగాలు ఏసా మీద పడ్డాయి. గుమస్తా పోతే గుమస్తా, షెరీఫ్ పోతే షెరీఫ్. చివరికి కమిషనరు కూడా తనే అయ్యాడు. ఖాళీ హాల్లో బైబిలు మీద చెయ్యి పెట్టి తన ముందు తనే ప్రమాణం చేశాడు. రాజధాని నుంచి కబురు వచ్చింది: ఫిబ్రవరిలో మనిషిని పంపుతాం, ఆర్బెలాలో కచేరీ నిలబడి ఉంటే కౌంటీ ఉంటుంది, లేకపోతే గీతలు చెరిపి పక్క కౌంటీలో కలిపేస్తాం. దాంతో ఏసా రోజూ పొద్దున్నే ఇంటి పిడకల్లోంచి ఒక బస్తా కచేరీకి మోసుకెళ్ళేవాడు.

"మళ్ళీ తీసుకెళ్తున్నావా?" అంది థర్జా ఒక ఉదయం. పద్దెనిమిది వందల తొంభై రెండు, జనవరి. కిటికీ సగందాకా మంచు.

"సగమే."

"నిన్నా సగమే అన్నావు. సగంలో సగం, దాంట్లో సగం. పెరట్లో కుప్ప చూశావా? ఎవరికోసం ఆ కచేరీ? కోర్టు లేదు, దొంగ లేడు, దొంగతనం చెయ్యడానికి వస్తువు లేదు."

"కౌంటీ పోతే ఎట్టా పుట్టిన చోటే ఉండదు, థర్జా. పటంలో వెతికితే దొరకదు."

"నాకు అది పుట్టిన చోటు అక్కర్లేదు. పడుకున్న చోటు కావాలి."

ఏసా బస్తా మూతి కట్టి, కట్టు విప్పి, రెండు పిడకలు తీసి పొయ్యి పక్కన పెట్టి, మళ్ళీ కట్టుకుని వెళ్ళాడు.

ఇరుగుపొరుగంటూ మిగిలింది డోర్కస్ పెల్ ఒక్కతే. ఆమెను అందరూ డోర్కస్ అత్త అనేవారు. మట్టిఇంట్లో ఒంటరిగా ఉండేది, నోరు మాత్రం నలుగురి పెట్టు. మంచు తగ్గిన పూట కర్ర పొడుచుకుంటూ వచ్చి కూచుంది.

"ఏమ్మాయ్, మీ ఆయన ఇవాళ షెరీఫా, గుమస్తానా?"

"ఏమో అత్తా. పొద్దున్న అడగలేదు."

"తనని తనే అరెస్టు చేసుకుని తనే జామీను ఇచ్చుకునేట్టున్నాడు." అని చుట్టూ చూసింది. "కుర్చీలేవీ?"

"అయిపోయాయి."

"బల్ల?"

"మొన్న."

డోర్కస్ అత్త తను కూచున్న పెట్టె మీంచి లేచి, దాన్ని కాలితో పొయ్యి వైపు నెట్టింది. "నేను నిలబడే పుట్టాలే," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఇంత కష్టమెందుకే? ఆయన్ని అక్కడ ఆర్పమను. లేదా నువ్వు ఇక్కడ ఆర్పు. ఇద్దరూ ఒక్క పిల్లకోసమే ఏడుస్తూ రెండు పొయ్యిలు పెట్టారు."

ఆ తరవాత వచ్చిన తుపాను గురించి మా వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. పశువులు నిలబడ్డచోటే గడ్డకట్టాయి. ఏసా కచేరీలో చిక్కుకుపోయాడు. థర్జా కంచె గుంజలు కాల్చింది, మొక్కజొన్న కంకులు కాల్చింది, మంచం పట్టెలు కాల్చింది. గొడ్డలి పట్టుకుని ఏసా చేసిన ఉయ్యాల ముందు చాలాసేపు కూచుంది. అదీ కాల్చింది. గాలి ఆగిన రోజు మధ్యాహ్నానికి పొయ్యిలో అరచేతంత నిప్పు మిగిలింది. కింద నేలచెక్కలు అప్పుడప్పుడూ సన్నగా మూలుగుతున్నాయి, ఒళ్ళు విరుచుకునే ముందు మనిషి మూలిగినట్టు.

తలుపు తెరుచుకుంది. ఏసా. గడ్డమంతా మంచు. వీపు మీద బస్తా.

"ఎక్కడివి?" అంది.

"కచేరీవి."

"మరి అక్కడ?"

"అక్కడ ఆర్పేసి వచ్చాను."

థర్జా మొగుడి వీపు మీంచి బస్తా దింపింది. "ఆ రాజధాని మనిషి వచ్చేది వచ్చే వారమే కదా."

"తెలుసు," అంటూ మోకాళ్ళ మీద కూచుని పిడకలు వెయ్యడం మొదలుపెట్టాడు. మొదటి పిడక జారిపోయింది. థర్జా పక్కన కూచుని రెండోది వేసింది. ఏసా అప్పుడు ఏడ్చాడు. పిల్ల పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

మర్నాడు పొద్దున్న ఎండ కాసింది. డోర్కస్ అత్త కేక బయటినుంచి వినిపించింది.

"ఒరే ఏసా! నీ కచేరీ దారి తప్పిందిరా!"

ఇద్దరూ బయటికి వచ్చారు. మంచు మీదుగా కచేరీ వస్తోంది. దక్షిణానికి కాదు, కాల్‌వెల్‌కు కాదు. ఉత్తరానికి, ఇటే. బురుజు కొంచెం పక్కకు ఒరిగింది. ఎక్కడో ముళ్ళకంచె తెంచుకుని వచ్చినట్టుంది, తీగ ఒకటి పంచె అంచులా వెనక ఈడ్చుకొస్తోంది. ఇంటి దగ్గరికి వచ్చాక వేగం తగ్గించి, ఇంటికి తగలకుండా చుట్టు తిరిగి, వెనక మిట్ట ఎక్కింది. అక్కడ కాసేపు నిలబడింది. తరవాత కాళ్ళ నొప్పులున్న ముసలమ్మలా, ఒక పక్క ముందు, ఇంకో పక్క తరవాత, మెల్లగా కూచుంది.

ఆ చెక్కా ఈ ఇంటి చెక్కా ఒకే బండిలో వచ్చాయి, అందుకని తోబుట్టువు దగ్గరికి వచ్చిందని కాల్‌వెల్‌లో కొందరు అనేవారు. నాకు ఆ మాట నచ్చదు. తోబుట్టువు కోసమైతే ఇంటి పక్కన కూచునేది కదా. ఆ కౌంటీ మొత్తానికి తన బిడ్డ అని చెప్పుకోగలిగినది ఒక్కతే ఉంది. కచేరీ ఆ ఒక్కదాని దగ్గరికి పోయింది.

ఏసా, థర్జా లోపలికి వెళ్ళారు. పెద్ద హాల్లో, జడ్జి కూచునే చోటికి ఎదురుగా, నేలచెక్కలు విచ్చుకుని చిన్న మట్టిదిబ్బకు చోటిచ్చాయి. శిలువ నిటారుగా ఉంది. దాని మీద మంచు చుక్క లేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. థర్జా దిబ్బ పక్కన కూచుని మట్టి మీద చెయ్యి పెట్టింది.

"పొడిగా ఉంది," అంది.

రాజధాని మనిషి చెప్పినట్టే వచ్చాడు. సన్నగా, జలుబుతో ఉన్నాడు. ముందు ఆర్బెలా వెళ్ళి ఖాళీ పునాది చూసి, అక్కణ్ణుంచి మంచులో జాడ పట్టుకుని ఇక్కడికి చేరాడు. హాల్లో దిబ్బ చూసి టోపీ తీశాడు. థర్జా ఇచ్చిన కాఫీ తాగాడు.

"బోడైన్‌గారూ, ఏం చెయ్యను?" అన్నాడు. "కచేరీ ఆర్బెలాలో ఉండాలని కదా ఓట్లు వేశారు. అక్కడ లేదు. కౌంటీ లేనట్టే నేను చెప్పాలి."

"చెప్పండి," అన్నాడు ఏసా.

"కట్టడం మాత్రం నిలబడి ఉంది. కప్పుంది. కట్టడమున్న పొలం మీ పేరునే ఉంటుంది. మీరు ఇక్కడ ఉన్నా, లేకపోయినా. ఆ మాట పశువుల కంపెనీవాళ్ళకు నేనే చెప్తాను."

వెళ్తూ వెళ్తూ హాలు గుమ్మంలో తలవంచి, పెదవులు కదిపాడు. ఏమన్నాడో వినపడలేదు.

మార్చి వచ్చింది. మంచు కరిగి, నేల ఆరి గట్టిపడింది. ఇంట్లో కుర్చీ లేదు, బల్ల లేదు, మంచం లేదు. విత్తనాలకు దాచిన మొక్కజొన్నలు కూడా సగం తినేశారు. ఒక ఉదయం ఏసా లేచేసరికి పొయ్యి దగ్గర బుస్సుమని చప్పుడు. థర్జా కెటిల్ వంచి నిప్పు మీద నీళ్ళు పోస్తోంది.

"ఏం చేస్తున్నావ్?"

"దానికిప్పుడు తోడుంది." అని ఇంకొంచెం పోసింది. "మనకే ఎవరూ లేరు. నువ్వు పక్కమీద దగ్గుతుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కాల్‌వెల్‌లో రైలువాళ్ళకు వడ్రంగులు కావాలట."

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టం ఎలా ఉంటుంది? అడక్కు."

డోర్కస్ అత్త వచ్చింది. ఆమెను కూడా రమ్మన్నారు. "నా కొంప నడవదు, నేనూ నడవను," అంది. "పొద్దున్నే ఒకసారి వెళ్ళి పలకరించి వస్తాలే. ఒంటరిదాన్ని, నాకూ మాట్లాడ్డానికి ఎవరో ఒకరు కావాలిగా." థర్జా ఆమెను కౌగిలించుకుంటే, "చాల్చాల్లే, ఎముకలు విరుగుతాయి," అని విదిలించుకుని, ముఖం తిప్పుకుని వెళ్ళింది.

ఇద్దరూ నేల మీద కూచున్నారు. దింపడానికి గోడ మీద పటాలు కూడా లేవు. పొయ్యి చల్లబడింది. ఇల్లు లేవలేదు. పొద్దెక్కింది, అయినా లేవలేదు. ఇన్నాళ్ళు పట్టి ఉంచిన ఇల్లు, వెళ్ళమంటే నమ్మలేదేమో. థర్జా నేలచెక్క మీద అరచెయ్యి ఆనించి, రెండుసార్లు మెల్లగా తట్టింది.

అప్పుడు లేచింది.

దారిపొడుగునా థర్జా ఉత్తరపు కిటికీకి వీపు ఆనించి కూచుంది. ఏసా దక్షిణపు కిటికీ దగ్గర నిలబడి కౌంటీ గీత ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉన్నాడు. అది వచ్చినప్పుడు టోపీ తియ్యాలని అనుకున్నాడు. హద్దురాళ్ళు అప్పటికే పీకేశారు. కాల్‌వెల్ రైలు కూత వినపడ్డాక గాని, ఎప్పుడో దాటేశామని అతనికి తెలియలేదు.