ఫిలోమినమ్మ క్యాసెట్టులో రెండో చరణం

శనివారం మధ్యాహ్నం జెరాక్స్ అంగడి నుంచి వచ్చి అన్నం కలుపుకుంటుంటే ఫిలోమినమ్మ తలుపు తట్టింది.

"తినేసి రా పాపా. మా గాడ్విను కంప్యూటరు మూగదైపోయింది."

మారికుప్పంలో వాళ్ల ముందుగదిలో నేను బాడుగకు ఉంటున్నాను. మాది బైరకూరు. జెరాక్స్ అంగడిలో టైపు చేస్తాను కాబట్టి కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా నాకు మందు తెలుసునని ఆమె నమ్మకం. ఆమె భర్త అమృతరాజు గారు ఇక్కడి బంగారు గనుల్లో ఎలక్ట్రీషియనుగా చేశారు. గనులు మూసి ఎనిమిదేళ్లైనా జేబులో టెస్టరు లేకుండా ఆయన వాకిలి దాటరు.

ఆ వారమంతా ఆ ఇంట్లో క్యాసెట్టు గొడవే. పదిహేనేళ్ల కిందట వాళ్ల చర్చిలో, పండినవి తెచ్చి దేవుడికి పెట్టే కోత పండుగకు జూలియమ్మ ఒక పాట కట్టింది. ఫిలోమినమ్మకు సొంత అక్క ఆమె. ఆమె చూసిన చివరి కోత పండుగ అదే. ఆ పాటను రేపు ఆదివారం మళ్లీ పాడాలని చర్చిలో పాటలు పాడే క్వయరు వాళ్లు అనుకున్నారు. మాటలు అందరికీ గుర్తున్నాయి. చిక్కంతా రెండో చరణంలో, "లోతుల నుండి పిలిచినాము" అనే చోట. అక్కడ రాగం కిందికి దిగుతుందని ఫిలోమినమ్మ అంటుంది. కాదు, పైకి లేస్తుందని రెండు వీధుల అవతల ఉండే నాన్సమ్మ అంటుంది. సగం క్వయరు ఈమె వైపు, సగం ఆమె వైపు. పాస్టరు గారికి విసుగొచ్చి, శనివారం ఐదు గంటల ప్రాక్టీసుకు ఇద్దరూ ఒక మాట మీదికి రాకపోతే పుస్తకంలోని పాటే పాడదామని చెప్పేశారు.

"ఈసారి పాడకపోతే ఇంగ ఎవురికి గుర్తుంటాది పాపా?" అని ఫిలోమినమ్మ గురువారం నన్ను అడిగింది.

ఆ రోజు పాట వీడియో తీసిన క్యాసెట్టు ఒకటే ఉంది. వేసి చూద్దామంటే ఇంట్లో టీవీ కిందటి వానకు పిడుగు పడి మాడిపోయింది. స్టూడియో వాళ్లు పారేయబోయిన వీసీఆరును అమృతరాజు గారు తెచ్చి, మూత తీసి, లోపల తెగిన బెల్టుకు బదులు ఇంకేదో తగిలించి నడిపించారు. దాన్ని అంగుళం కదిపినా ఆ బెల్టు జారిపోతుంది. అందుకని ఇంకొకరి ఇంటికి మోసుకుపోయే దారి లేదు. వాళ్ల కొడుకు గాడ్విను గురువారం రాత్రి దానికీ కంప్యూటరుకూ వైర్లు కలిపి క్యాసెట్టులోని పాటను కంప్యూటరులోకి ఎక్కించాడు. బొమ్మ బంగారంలా వచ్చింది. శబ్దం మాత్రం లేదు. వాడు శనివారం కూడా ఆఫీసుండి బెంగళూరు రైలెక్కేశాడు.

నేను పోయేసరికి అమృతరాజు గారు కుర్చీ లాగి పెట్టి ఉన్నారు.

"కూర్చో పాపా. మేము గనిలో లైను పోతే ఏం చేస్తామో తెలుసునా? పైనుంచి ఒక్కొక్క లెవెలే దిగుతా చూస్తాము. యాడ వరకు కరెంటు ఉండాదో, యాడ నుంచి లేదో. ఊరికే అన్నీ పీకేది కాదు."

మొదటి లెవెలు క్యాసెట్టు. అసలు దాంట్లో శబ్దం మిగిలి ఉందా? ఆయన మంచం కింది పెట్టెలో నుంచి గనిలోని పాత టెలిఫోను రిసీవరు తీశారు. వీసీఆరు నుంచి శబ్దం తెచ్చే తెల్ల వైరు కొసకు దాని రెండు తీగలూ ఆనించి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆయన మొహం వెలిగింది. నా చెవికీ పెట్టారు. ఎక్కడో దూరంగా దోమలు కూడి పాడుతున్నట్టు ఉంది. అది పైకి పోతుందో కిందికి పోతుందో చెప్పడం దోమలకే సాధ్యం.

"పాట ఉండాది! ఇంగ తప్పంతా ఈ డబ్బాలోనే," అని కంప్యూటరును వేలితో పొడిచారు.

ఒక సీడీ పెట్టి చూశాను. స్పీకర్లలో పాట గట్టిగానే వచ్చింది. అంటే స్పీకర్లూ బాగున్నాయి. డబ్బాను వెనక్కి తిప్పి చూశాను. గులాబీ రంగు చిల్లు మైకుకు, పచ్చది స్పీకర్లకు, నీలిది బయటి నుంచి వచ్చే శబ్దానికి. వీసీఆరు వైరు నీలి దాంట్లోనే ఉంది. గాడ్విను అక్కడ తప్పు చేయలేదు. ఎర్ర వైరూ తెల్ల వైరూ మార్చి పెట్టి చూశాం. రెండు నిమిషాలు ఎక్కించాం.

"ఎవురూ మాట్లాడొద్దు!" అమృతరాజు గారు చెయ్యెత్తారు. "లైను టెస్టు చేసేటప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీయల్ల."

ఫిలోమినమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు నిమిషాలూ ముగ్గురం బొమ్మల్లా కూర్చున్నాం.

ఎక్కించిన ముక్క మళ్లీ వేశాను. గరగరమనే చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అది పాత టేపు బుస," అన్నారు ఆయన.

నేను తెర మీది బొమ్మనే చూస్తూ ఉండిపోయాను. ఆడవాళ్లు కుడివైపు ఒక వరస, ఎడమవైపు ఒక వరస నిలబడి ఉన్నారు. ముందు బల్ల మీద గుమ్మడికాయలు, మునక్కాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. మా ఊరిలో కూరగాయలు మడిలో, దొడ్లో కాస్తాయి. వీళ్లకు ఇంటి వెనక జానెడు నేల. అందులో పండినవే తెచ్చి పెట్టారు. మధ్యలో సన్నగా, పొడుగ్గా జూలియమ్మ. రెండో చరణం దగ్గర ఆమె కుడిచెయ్యి లేస్తోంది, ఎడమచెయ్యి దిగుతోంది. ఎందుకో తెలియక దాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

నాలుగైంది. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టానో లేదో, నాన్సమ్మ వాకిట్లో చెప్పులు విడిచింది.

"ఏమే ఫిలో, ఇంగా మూగ సినిమానేనా? ఊరికే ఒప్పుకోరాదా?"

"ఏం ఒప్పుకోవల్ల? లోతు అంటే కిందికే దిగల్ల. ఇంత కూడా తెలీదా నీకు?"

"లోతులో ఉండేవాడు యాడికి పిలుస్తాడే? పైకి కదా! నీ మొగుడు గనిలో ఏడువేల అడుగుల కింద ఉండి ఇంగా కిందికి పిలిచినాడా?"

"నా మొగుడి జోలికి రావద్దు. ఆ రోజు మీ వరస తప్పు పాడి పండుగంతా చెడిపినారు. నేను మా జూలియక్కకు చెప్తే నవ్వేసింది, పాపం, ఇంగ ఏం చేస్తాదని."

"నాతో కూడా నవ్విందిలే! మీ తప్పుకు!"

అమృతరాజు గారు "లైను టెస్టు! లైను టెస్టు!" అని అరుస్తున్నా ఎవరూ వినలేదు. చివరికి ఆయనే వంటింట్లోకి పోయి కాఫీ పెట్టారు.

వాళ్లు కాస్త ఆగాక, పోనీ ఇదీ ఒకసారి చూద్దామని ఎక్కిన ముక్క వేశాను.

తెర మీద ఇరవైమంది ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. స్పీకర్లో నుంచి "ఏమే ఫిలో, ఇంగా మూగ సినిమానేనా?" అని వచ్చింది.

తెర మీద జూలియమ్మ చేతులెత్తింది. క్వయరంతా కలిసి "నా మొగుడి జోలికి రావద్దు" అంది. నాన్సమ్మ నవ్వుతూ గోడకు ఆనుకుంది. ఫిలోమినమ్మ మొహం కొంగులో దాచుకుంది, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

నాకు అప్పుడు తెలిసింది. కంప్యూటరు వినడం మానలేదు. క్యాసెట్టును వదిలేసి మమ్మల్ని వింటోంది. ఇందాకటి గరగర టేపుది కాదు, మా తల మీది ఫ్యానుది. మేము అంత బుద్ధిగా నోరు మూసుకోకపోయి ఉంటే మొదటిసారే బయటపడేది.

తెర వెనక తడిమి చూశాను. కిటికీ మేకుకు, పరదా చాటున, గాడ్విను చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను వేలాడుతోంది. దాని మైకు ముక్కు సరిగ్గా మా వైపే ఉంది. దాని వైరు గులాబీ చిల్లులో ఉంది, ఇందాక నీలి దాన్నే చూస్తూ దీన్ని పట్టించుకోలేదు.

"రోజూ దాంట్లోనే మాట్లాడతాడు," అంది ఫిలోమినమ్మ. "ఎవురితోనో మాకు చెప్పడు."

కంప్యూటరులో శబ్దం ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే చోటు ఒకటి ఉంటుంది. తెరిచి చూస్తే 'మైకు' దగ్గర టిక్కు ఉంది. దాన్ని తీసి 'లైన్ ఇన్', అంటే ఆ నీలి చిల్లు, దగ్గర పెట్టాను. అంతే పని. నాలుగు నలభై అయింది. క్యాసెట్టును రెండో చరణం దగ్గరికి తిప్పి ఎక్కించాను. ఈసారి అమృతరాజు గారు అందరినీ మాట్లాడుకోమన్నారు. ఎవరికీ మాట రాలేదు.

ఎక్కిన ముక్క వేశాను. ముందు హార్మోనియం, తర్వాత గొంతులు. "లోతుల నుండి పిలిచినాము..."

కుడివైపు వరస పైకి లేచింది. ఎడమవైపు వరస కిందికి దిగింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోలేదు. విడిపోయి, ఎక్కడెక్కడో తిరిగి, చివరి మాట దగ్గర వచ్చి కలిశాయి. జూలియమ్మ ఒక చెయ్యి పైనుంచి, ఒక చెయ్యి కిందినుంచి తెచ్చి జోడించింది.

"మళ్లీ వెయ్యి," అంది నాన్సమ్మ, మెల్లగా.

మళ్లీ వేశాను. మూడోసారికి అమృతరాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"మీ ఇద్దరికీ పాట ఎప్పుడు నేర్పించింది జూలియా?"

"నాకు పొద్దున. మీకు రెండో షిఫ్టు ఉన్నప్పుడు మధ్యాహ్నానికి అన్నం కట్టల్ల కదా, అంతకు ముందు," అంది ఫిలోమినమ్మ.

"నాకు సాయంత్రం. మా ఆయనది ఎప్పుడూ మీకు ఎదురు షిఫ్టే," అంది నాన్సమ్మ. అని ఆగిపోయింది.

మొగుళ్ల షిఫ్టులను బట్టి ఆడవాళ్లను రెండు జట్లు చేసి, జట్టుకొక రాగం నేర్పించింది ఆమె. రెండు జట్లూ కలిసి పాడింది పండుగ రోజు ఒక్కసారే. ఎవరి జట్టు వాళ్లు అవతలివాళ్లు తప్పు పాడుతున్నారని ఇంకా గట్టిగా అరిచి పాడారు. తర్వాత వచ్చి ఫిర్యాదు చేస్తే ఆమె నవ్వింది.

"జూలియా మొగుడు వైండింగ్ ఇంజన్ డ్రైవరు కదా," అన్నారు అమృతరాజు గారు. "గనిలోకి మనుషుల్ని దించి లేపే ఇనుప బోను, కేజీ అంటాము, ఒకటి దిగితేనే ఇంకోటి లేచేది. వాటి తాళ్లు రెండూ ఆ ఇంజన్లో ఒకే డ్రమ్ము మీద. ఆమె రోజూ చూసిందే కట్టింది."

ఫిలోమినమ్మ కళ్లు తుడుచుకుంది, వెంటనే గడియారం చూసింది. "అయ్యో, ఐదైపోయె! లేవే నాన్సీ!"

ఇద్దరూ వీధిలో పడ్డారు. నేను వెనకే వెళ్లాను. దారి పొడుగునా ఒకామె పైకి, ఒకామె కిందికి కూనిరాగం తీస్తూనే ఉన్నారు. చర్చి వాకిట్లో పాస్టరు గారు నిలబడి ఉన్నారు.

"ఏమమ్మా, ఒక మాట మీదికి వచ్చినారా? ఎవరిది సరి?"

"నాదే," అన్నారు ఇద్దరూ ఒకేసారి, నవ్వుతూ లోపలికి నడుస్తూ.

ఇంటికి వచ్చాక ఆ జగడం ముక్కను తుడిచేయబోయాను. అమృతరాజు గారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"అది ఉండనీ పాపా," అన్నారు. "దాన్ని కూడా ఒక సీడీలో వెయ్యి. క్రిస్మస్‌కు ఇద్దరికీ చెరొకటి ఇస్తాను."