ఉత్తుత్తి ఆకాశం

సి లహ్బీబ్ నన్ను ఆ పని చెయ్యమని గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగి ఉంటే కాదనేదాన్నేమో.

అప్పట్లో మరాకెష్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నాను. మా గదిలో విద్యార్థులం ఇద్దరమే, నేనూ, ఇత్తో అనే అమ్మాయీ. అంతరిక్షంలో తిరిగే పెద్ద టెలిస్కోపు మీద సమయం ఇమ్మని చెరొక అర్జీ రాస్తున్నాం. ప్రపంచం నలుమూలల నుంచీ అర్జీలు వెళ్తాయి. పదింటిలో ఒకదానికి దక్కితే గొప్ప. చూస్తామంటే చాలదు, చూడగలమని ముందే రుజువు చెయ్యాలి. అందుకని టెలిస్కోపు తీయబోయే చిత్రాలను మేమే కంప్యూటర్‌లో ఉత్తుత్తిగా తయారుచేసేవాళ్లం. నక్షత్రాన్ని పెట్టి, దాని పక్కన గ్రహాన్ని పెట్టి, పరికరం తనంతట తానే చిత్రంలో కలిపే చుక్కల రొదను సన్నటి ఇసకలా పైన చల్లాలి. ఆ ఇసకలోంచి మేం పెట్టిన గ్రహాన్ని మళ్లీ మేమే వెతికి పట్టుకోవాలి. దొరికితేనే అర్జీ నిలుస్తుంది.

నాది సి లహ్బీబ్ పాతికేళ్లుగా ఉందని నమ్ముతున్న ఒక గ్రహం. ఇత్తోది తోకచుక్క. ఆ వేసవిలో సూర్యుడి దగ్గరికొచ్చి వెళ్లిపోతే ఇక తిరిగిరాదు.

నా గ్రహం దొరకలేదు. నలభై చిత్రాలు చేశాను. నలభైలోనూ ఇసకే.

"రొద ఎంత వేశావు తల్లీ?" అన్నారు సి లహ్బీబ్, టీ గ్లాసు కిటికీ అంచున పెట్టి.

"వాళ్లు ఈ ఏడాది ఇచ్చిన లెక్కే."

"టెలిస్కోపు పైకి వెళ్లకముందు ఇచ్చిన పట్టిక ఒకటుండాలి. అందులో తక్కువ."

"అది అంచనా కదండీ. ఇది కొలిచి చెప్పింది."

"కొలిచినవాళ్లేమైనా ప్రవక్తలా?" అని నవ్వారు. "సరే, నీ ఇష్టం. నాకు మాత్రం కళ్లు మూసుకుంటే కనిపిస్తుందది."

మర్నాడు పాత పట్టిక వేశాను. మొదటి చిత్రంలోనే గ్రహం తేటగా తేలింది.

ఇత్తో నా భుజం మీదుగా తొంగిచూసింది. "అబ్బో! నిన్నటిదాకా మొహం చాటేసిన పిల్ల ఇవాళ పెళ్లిచూపులకు కూర్చుందే! ఏం మందు పెట్టావే?"

"వెతికే పద్ధతి మార్చాను."

నమ్మేసింది. "నా తోకచుక్క చూడు, ఉండీ లేనట్టుంది. రొద చంపుకుతింటోంది."

"కాస్త తగ్గించి చూడరాదూ?" అన్నాను. తప్పులో తోడు కోసమే అడిగానని నాకు తెలుసు.

"కాగితం మీద తగ్గిస్తాను సరే. పైనున్నదానికి తగ్గమని ఎవరు చెప్తారే, మీ నాన్నా?"

మార్చిలో ఫలితాలొచ్చాయి. మాకు పదకొండు గంటలు ఇచ్చారు. ఇత్తోకి రాలేదు. 'మీ ఉత్తుత్తి చిత్రాల్లోనే సంకేతం అనుమానంగా ఉంది' అని రాశారు. ఎంపికైన అర్జీల్లో ఒక్కటి లేకపోయినా ఆమెకే దక్కేదని కూడా రాశారు.

సి లహ్బీబ్ పళ్లెం నిండా షెబ్బాకియా మిఠాయి తెచ్చి, ఎదురైనవాళ్లందరికీ తినిపించారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశారు. ఇత్తో నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, చేతులు కడుక్కొస్తానని వెళ్లి, చాలాసేపటికి తడి మొహంతో వచ్చింది. జూన్‌లో తోకచుక్క వచ్చింది, వెళ్లిపోయింది. ఆ నెలంతా ఆమె దాని పేరెత్తలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం టెలిస్కోపు నుంచి మా చిత్రాలు దిగాయి. ముగ్గురం ఒకే తెర ముందు కూర్చున్నాం. ఇసక. నేను మొదట చేసిన నలభై చిత్రాలకు కవలపిల్లలా ఉంది. సి లహ్బీబ్ కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడిచారు.

"ఇంకోసారి వెతుకు తల్లీ."

రెండు వారాలు వెతికాను. నా అవస్థ చూడలేక ఇత్తో కుర్చీ లాక్కుని వచ్చింది. "ఇలా ఇవ్వవే. నీ ఉత్తుత్తివీ ఇవ్వు, పక్కపక్కన పెట్టి చూద్దాం."

ఇవ్వనని ఎలా అనను? ఇచ్చాను. పది నిమిషాలు పట్టిందేమో.

"ఇది పాత పట్టిక."

"అవును."

"తెలిసే వేశావా?"

"తెలిసే."

కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "పదకొండు గంటలు," అంది మెల్లగా. "నాకు నాలుగు చాలేవి, తిలీలా."

తలుపు దగ్గర నిలబడ్డ సి లహ్బీబ్ అంతా విన్నారు. "దానిదేం లేదమ్మా. పట్టిక మాట ఎత్తింది నేను," అన్నారు.

"మీరు ఎత్తారు. వేసిందెవరు?" అంది ఇత్తో. ఆయనకు ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. తన పుస్తకాలు ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుంది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

జరిగింది జరిగినట్టు టెలిస్కోపు వాళ్లకు ఉత్తరం రాశాం. నా సంతకం పైన తన సంతకం పెట్టారు సి లహ్బీబ్. మర్యాదగా నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆయన పాఠాలు చెప్పడానికే వచ్చేవారు, గది వైపు వచ్చేవారు కాదు. నేనే రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. టీ పోసి, వానల గురించి మాట్లాడి పంపేశారు. ఇత్తో రబాత్‌లో వేరే గురువును చూసుకుంది. నా పరిశోధన పూర్తయింది. 'ఆ నక్షత్రం దగ్గర ఏమీ కనబడలేదు' అన్నదే దాని సారం. పట్టా ఇచ్చారు, ఉద్యోగమూ వచ్చింది.

ఆరేళ్లకు ఫెస్‌లో ఒక సమావేశంలో ఇత్తో ఎదురుపడింది. జుట్టులో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఏం మాట్లాడాలో ముందే పదిసార్లు అనుకుని వెళ్లాను. నోరు తెరిచేలోపే తనే చెయ్యి చాపింది.

"బాగున్నారా?" అంది. "ఇంట్లో అందరూ కులాసానా?"

బాగున్నామండీ, అన్నాను. పక్కన ఎవరో పిలిస్తే, క్షమించమని చెప్పి అటు వెళ్లింది.