నీలి చేతుల ఓటు

జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు బళ్ళారి జీన్సు కుట్టు కార్మికుల సంఘం అధ్యక్ష పదవికి చేతులెత్తి ఓటు వేశారు. ఇప్పటి అధ్యక్షుడు గాదిలింగప్పకు తొంభై ఏడు చేతులు లేచాయి. దీనమ్మకు ఎనభై అయిదు. హాలులో ఉన్న మగవాళ్ళు ఎనభై ఎనిమిది మంది. వాళ్ళలో తొమ్మిది మంది రెండు చేతులూ ఎత్తారు.

సంఘంలో సభ్యులు రెండు వందల నలుగురు. అందులో మగవాళ్ళు ఇరవై ముగ్గురు. కార్యవర్గంలో ఏడుగురు. ఆ ఏడుగురూ మగవాళ్ళే.

కార్యదర్శి మౌనేశ్ మైకు అందుకుని ఫలితం చెప్పబోయాడు. అంతలో వెనక వరసలో కొట్రమ్మ లేచింది. ఆమె దీనమ్మ పక్క మిషను మీద కుడుతుంది.

"ఆ మూడో వరసలో పసుపు చొక్కాయప్పా, ఒకసారి ఇట్ల తిరుగు. పొద్దున మోతీ సర్కిల్ కాడ నన్ను ఆటోలో ఎక్కించుకునింది నువ్వే కదా? ఈ రెండు గంటల్లో కుట్టేది యాడ నేర్చుకుంటివి?"

పసుపు చొక్కా మనిషి తల దించుకున్నాడు. అతని పక్కవాడు నవ్వాడు. అతనిదీ ఆటోనే.

దీనమ్మ లెక్క వేసుకుంటోంది. సోమవారం పదకొండు గంటలకు కార్మిక శాఖ కార్యాలయంలో యజమానులతో మూడేళ్ళ ఒప్పందం మీద సంతకాలు. సంతకం చేసేది అధ్యక్షుడు. అంటే ఆమె చేతిలో ఇంకా ఇరవై మూడు గంటలు ఉన్నాయి. అధ్యక్ష పదవి మాత్రం లేదు.

ఒప్పందంలో మూడో నిబంధన టోకెన్లది. కుట్టు యూనిట్లో ఒక్కో లైనులో నలభై మంది ఆడవాళ్ళు. లైనుకు రెండు రేకు బిళ్ళలు. సూపర్‌వైజరు బల్ల మీద మేకుకు వేలాడుతుంటాయి. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. బిళ్ళలు రెండూ బయట ఉంటే మిషను ముందు కూర్చుని ఎదురుచూడాలి. మనిషికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఇన్నాళ్ళూ ఇది నోటిమాటగా నడిచింది. ఇప్పుడు కాగితం మీదికి ఎక్కుతోంది.

మే నెలలో దీనమ్మ గాదిలింగప్పను అడిగింది. "అన్నా, ఆ మూడోదానికి ఎట్ల ఒప్పుకుంటివి?"

"అదేం పెద్ద సంగతమ్మా," అన్నాడు ఆయన. "నీళ్ళు తక్కువ తాగండి."

గాదిలింగప్పకు చక్కెర వ్యాధి. ఆ మాట అన్నాక ఆయన రెండుసార్లు లేచి వెళ్ళి వచ్చాడు. దీనమ్మ కూర్చుని చూసింది. మర్నాడు నామినేషన్ వేసింది.

దీనమ్మకు నలభై ఆరేళ్ళు. పద్నాలుగేళ్ళుగా రెండు సూదుల డబుల్ నీడిల్ మిషను మీద జీన్సు ప్యాంటు కాళ్ళు కుడుతోంది. నాలుగేళ్ళుగా సంఘంలో మహిళా విభాగం కన్వీనరు. ఆ పదవి పనులు మూడు: దండలు తేవడం, టీ కలపడం, ప్రదర్శనలో ముందు నడవడం. పోలీసులు ఉన్న రోజు ముందు నడవాలి. ఫొటో తీసే రోజు వెనక నిలబడాలి. భర్త కెన్నెత్ కుడతిని పవర్ ప్లాంటులో బూడిద లోడింగు చేస్తాడు. నామినేషన్ సంగతి చెబితే అన్నం తినడం ఆపకుండా, "ఓడిపోతే మళ్ళా టీ నువ్వే కలపాల కదా," అన్నాడు.

సమావేశం తేదీ పెట్టింది గాదిలింగప్ప. నెలలో మొదటి ఆదివారం సంఘంలోని క్రైస్తవ స్త్రీలకు చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన. తొమ్మిదిన్నరకు మొదలైతే పన్నెండున్నరకు గాని వదలరు. సమావేశం పదకొండున్నరకు. మిగిలిన ఆడవాళ్ళకు ఆరు యూనిట్లలో ఆదివారం ఓవర్‌టైము పడింది. అదే ఆదివారం ఆరు యూనిట్లకూ పని ఎక్కువైంది.

దీనమ్మ పాస్టరు కృపానిధి దగ్గరికి వెళ్ళి ఆరాధన ఆరున్నరకు పెట్టమని అడిగింది.

"ప్రభువు బల్ల కాడ తొందరేందమ్మా?"

"తొందర నాది కాదు అయ్యగారూ, గాదిలింగప్పది."

పాస్టరు ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. కిందటి నెల బల్ల మీది గుడ్డకు, గిన్నెకు నీలం వేళ్ళ గుర్తులు అంటుకున్నాయి. గుడ్డ రెండుసార్లు ఉతికినా పోలేదు. ఈసారి చేతులు శుభ్రం చేసుకుని రావాలి. ఉతకని జీన్సు బట్ట కుట్టేవాళ్ళ చేతులకు రంగు అంటుతుంది. సబ్బుకు పోదు. జీన్సు ఉతికే యూనిట్లలో తెల్లబరచడానికి వాడే హైపోకు పోతుంది. దీనమ్మ అయిదు లీటర్ల హైపో క్యాను అడిగి తెచ్చింది. ఎవరిని అడిగిందో చెప్పలేదు. శనివారం సాయంత్రం డెబ్బై ఒక్క మంది ఆడవాళ్ళు దాంతో చేతులు తోముకున్నారు. బల్ల మీద గుడ్డ పరిచేది దీనమ్మ కాబట్టి అందరికన్నా ఎక్కువసేపు తోముకుంది. గోళ్ళు కండ దాకా కత్తిరించుకుంది.

పదకొండు ఇరవైకి ఆ డెబ్బై ఒక్క మంది తెల్లచీరలతో, బైబిళ్ళతో సమావేశం జరిగే కల్యాణ మంటపంలోకి వచ్చారు. ఓవర్‌టైము ఎగ్గొట్టి కొట్రమ్మతో కలిపి పద్నాలుగు మంది వచ్చారు. గాదిలింగప్ప మౌనేశ్ వైపు చూశాడు. మౌనేశ్ ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత ఆటోలు వచ్చాయి.

ఎన్నిక చూడడానికి హుబ్బళ్ళి నుంచి సంఘాల సమాఖ్య పంపిన మనిషి పక్కీరప్ప. అరవై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు దర్జీ. కొట్రమ్మ మాట విని అతను కళ్ళద్దాలు తుడుచుకుని కార్డులు చూపించమన్నాడు.

కార్డులు ఎవరి దగ్గరా లేవు. కార్డు ఇస్తే మనిషి పని చేస్తున్నట్టు ఒప్పుకోవాలి. అందుకని బళ్ళారిలో ఏ యూనిటూ ఇవ్వదు.

"సభ్యుల రిజిస్టరు తేండి," అన్నాడు పక్కీరప్ప.

"ఇంట్లో ఉండాది సార్," అన్నాడు మౌనేశ్. ఇంటికి తాళం ఉంది. తాళంచెవి భార్య దగ్గర ఉంది. భార్య హచ్చొళ్ళిలో ఉంది.

అప్పుడు గాదిలింగప్ప లేచాడు.

"సార్, ఈ సంఘానికి ఒక పద్ధతి ఉండాది. పుట్టినప్పుడు కార్డూ లేదు, రిజిస్టరూ లేదు. గేటు కాడ నిలబడి చెయ్యి చూసి చేర్చుకున్యారు. చెయ్యి నీలంగా ఉంటే మనోడు. అదే రూలు పుస్తకంలో నాలుగో సెక్షను. నీలం చెయ్యికే ఓటు. చూడండి."

మూడు వరసల మగవాళ్ళు అరచేతులు పైకెత్తారు. అన్నీ నీలం. దీనమ్మ పక్కకు తిరిగి తన వాళ్ళను చూసింది. డెబ్బై ఒక్క మంది చేతులు బైబిళ్ళ మీద ఉన్నాయి. అన్నీ తెలుపు. హైపో వాసన అక్కడిదాకా వచ్చింది.

"ఏమే దీనా," అంది కొట్రమ్మ గొంతు తగ్గించి. "నిన్నెవురే అంత రుద్దమనింది?"

"నేనే."

"నేను చూడు, దేవుని గుడికి కూడా కడుక్కోకుండా పోతా. ఆయప్ప ఎప్పుడన్నా అడిగినాడా?"

గాదిలింగప్ప మైకులో, "అక్కల్లారా, మీరు పూజ చేసుకోండి, సంఘం మేం చూసుకుంటాం," అన్నాడు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు వాళ్ళ చొక్కాల మీద నీలం చుక్కలు చిందాయి.

దీనమ్మ ఆ చుక్కలు చూసింది. లేచి పక్కీరప్ప ముందుకు వెళ్ళింది.

"సార్, నీలం చెయ్యికే ఓటు. నేనూ ఒప్పుకుంటా. కానీ ఇది కల్యాణ మంటపం. భోజనాల హాలు పక్కన పది కుళాయిలు ఉండాయి. అందరూ ఒకసారి చేతులు కడుక్కోని రానీండి. మా రంగు నీళ్ళకు పోయేదైతే నేను నిన్న సాయంత్రమంతా హైపోతో చచ్చేదాన్ని కాదు."

"సుమ్నే, ఊరికే టైం వేస్టు," అన్నాడు మౌనేశ్.

"అయిదు నిమిషాలప్పా," అన్నాడు పక్కీరప్ప. "నాకు బస్సు మూడింటికి."

పన్నెండు నలభైకి మొదటి పదిమంది కుళాయిల దగ్గర నిలబడ్డారు. పసుపు చొక్కా మనిషి చేతులు ఒక్క చెంబు నీళ్ళకే తెల్లబడ్డాయి. తొట్టి నీలమైంది. బట్టలకు పెట్టే నీలిమందు అది. అరవై అయిదుగురి చేతులు అలాగే తేలాయి. క్యూలో వెనక నిలబడ్డవాళ్ళలో కొందరు కడుక్కోకుండానే ఆటోల దగ్గరికి వెళ్ళిపోయారు. పక్కీరప్ప వాళ్ళనూ అదే లెక్కలో రాసుకున్నాడు.

పదహారు మంది మగవాళ్ళ రంగు నీళ్ళకు కదల్లేదు. మిగిలినవాళ్ళు ఏడుగురు. వాళ్ళ చేతులకు నీలిమందూ లేదు, జీన్సు రంగూ లేదు. వాళ్ళు కార్యవర్గం.

"నాకు రెండు వారాలుగా జ్వరం," అన్నాడు మౌనేశ్.

"మొన్న పెండ్లిలో మూడు సార్లు వడ్డించుకుంటివి," అంది కొట్రమ్మ.

తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. కొట్రమ్మతో కలిపి పద్నాలుగు మంది నీలం చేతులను పక్కీరప్ప దూరం నుంచే చూసి సరే పొమ్మన్నాడు. తెల్లచీరల వాళ్ళను ఒక్కొక్కరినీ నిలబెట్టి వేళ్ళు దగ్గరగా పెట్టి చూశాడు. గోటి అంచు కింద, గోటి పక్క పగుళ్ళలో నీలం గీత ఉంది. హైపో అక్కడిదాకా వెళ్ళలేదు. డెబ్బై మందికి గీత కనబడింది.

డెబ్బై ఒకటో మనిషి దీనమ్మ. పక్కీరప్ప ఆమె చేతులు వెలుగుకు తిప్పాడు. అద్దాలు తీసి చూశాడు. పెట్టుకుని చూశాడు. గోళ్ళకు అంచు లేదు. కత్తిరించేసింది. ఎక్కడా నీలం లేదు.

"ఏం లేదమ్మా," అన్నాడు.

గాదిలింగప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "పాపం, ఆమె పెట్టిన పరీక్షే. ఆయ్తు, అయిపోయింది సార్, రాయండి. రేపు పదకొండుకు నేను ఆఫీసుకు పోవాల."

డెబ్బై మంది దీనమ్మను చూస్తున్నారు. ఆమె పక్కీరప్ప చేతిని చూస్తోంది. అతని ఎడమ చూపుడువేలు గోరు నిలువునా రెండుగా చీలి పెరిగింది.

"సార్, మీకు సూది ఏ సంవత్సరం దిగింది?"

పక్కీరప్ప వేలు చూసుకున్నాడు. "డెబ్బై తొమ్మిది. గోరు మొదల్లో దిగింది. అప్పట్నుంచి ఇట్లే."

దీనమ్మ తన ఎడమ చూపుడువేలు అతని వేలి పక్కన పెట్టింది. గోరు మధ్యలో రెండు నల్ల చుక్కలు. రెండింటికీ మధ్య ఎడం రెండు సూదుల మధ్య ఉండే ఎడమే.

"నాది ఏప్రిల్ పదకొండు. పొద్దున తొమ్మిది నుంచి పోవాలనుకుంటా ఉంటి. బిళ్ళలు రెండూ బయటే. పదకొండున్నరకు బిళ్ళ వచ్చింది. ప్యాంటు కాలు మిషను మీంచి తీసేస్తే చాలని చివరి కుట్టు జల్దీ వేస్తి. రెండు సూదులూ దిగినాయి. అప్పుడు గోటి మొదట్లో ఉండె సార్ ఈ చుక్కలు. ఇప్పుడు మధ్యకు వచ్చినాయి."

పక్కీరప్ప ఆ వేలిని పట్టుకుని కొంతసేపు చూశాడు. "బిళ్ళ దొరికిందా ఆ పొద్దు?"

"ఆస్పత్రికి పోయినా సార్. ఆడ బిళ్ళ అడగరు."

"నాకూ దిగింది," అన్నాడు గాదిలింగప్ప. లేచి వచ్చి వేలు చాపాడు. కొనమీద మచ్చ ఉంది. గోరు మీద ఏమీ లేదు.

"ఎప్పుడప్పా?" అని అడిగాడు పక్కీరప్ప.

"పదమూడేండ్లయింది."

"గోరు ఆరు నెలలకు పూర్తిగా కొత్తది వస్తుంది," అన్నాడు పక్కీరప్ప. "నీకు ఇరవై ఆరు సార్లు వచ్చింది. ఒక్కసారన్నా ఆ చెయ్యి మిషను మీద పెట్టినావా?"

గాదిలింగప్ప మరుగుదొడ్డి ఎటు అని మంటపం మనిషిని అడిగి అటు వెళ్ళాడు.

పక్కీరప్ప రాసింది ఇది: ఓటు హక్కు ఉన్నవాళ్ళు నూట ఒక్కరు. ఆడవాళ్ళు దీనమ్మతో కలిపి ఎనభై అయిదు, మగవాళ్ళు పదహారు. గాదిలింగప్ప, కార్యవర్గంలోని మిగిలిన ఆరుగురు నాలుగో సెక్షను ప్రకారం సభ్యులు కారు. ఒంటి గంట యాభైకి మళ్ళీ చేతులు ఎత్తమన్నాడు. మనిషికి ఒక్కటే అని రెండుసార్లు చెప్పాడు. దీనమ్మకు తొంభై రెండు లేచాయి. వ్యతిరేకంగా నాలుగు. అయిదుగురు ఎత్తలేదు. కార్యదర్శిగా కొట్రమ్మను ఎన్నుకున్నారు. ఆమె పేరు చెప్పినప్పుడు ఆమె కుళాయిల దగ్గర ఆటోవాళ్ళతో తొట్టి కడిగిస్తోంది.

సోమవారం పదకొండు గంటలకు కార్మిక శాఖ కార్యాలయంలో దీనమ్మ, కొట్రమ్మ కూర్చున్నారు. ఎదురుగా యజమానుల తరఫు మేనేజరు, వకీలు. మేనేజరు తలుపు వైపు చూస్తూ, "గాదిలింగప్ప ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

"ఆయప్ప రాడు సార్. నాతో మాట్లాడండి," అంది దీనమ్మ.

"మీరు ఎవురు?"

"అధ్యక్షురాలు."

మేనేజరు వకీలును చూశాడు. వకీలు పక్కీరప్ప కాగితం చదివాడు. రెండుసార్లు చదివి తల ఊపాడు.

మొదటి రెండు నిబంధనలకు గంట పట్టింది. మూడోది తీయడం కుదరదని మేనేజరు చెప్పాడు. ఉత్పత్తి దెబ్బతింటుందన్నాడు. ఆడవాళ్ళు అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారన్నాడు.

"ఆ కంపులోనా సార్?" అంది కొట్రమ్మ. "ఒకసారి మీరు రండి, కబుర్లు చెప్పుకుందాం."

మాటలు సాగాయి. పన్నెండు ఇరవైకి మేనేజరు లేచి మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చాడు. ఒంటి గంట అయిదుకు మళ్ళీ వెళ్ళి వచ్చాడు. ఒంటి గంట యాభైకి మూడోసారి లేచాడు.

కొట్రమ్మ ముందున్న కాగితం చూసింది. "సార్, మీవి రెండూ అయిపోయినాయి. కూర్చోండి."

కార్మిక శాఖ అధికారి దగ్గినట్టు చేసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మేనేజరు అయినా వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి వకీలు మూడో నిబంధన మీద అడ్డంగా గీత గీసి ఉంచాడు. దానికి బదులు ఒప్పందం కాలం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచాలన్నాడు. దీనమ్మ అసలు ఒప్పందమే ఒక ఏడాదికి చాలంది. నలభై నిమిషాల తర్వాత మొత్తం రెండేళ్ళ ఒప్పందానికి కుదిరింది.

మధ్యాహ్నం రెండు గంటల నలభై అయిదు నిమిషాలకు ఇరుపక్షాలు నాలుగు ప్రతుల మీద సంతకాలు చేశాయి.