కుట్టేసిన జేబు

దనావ్ ఊరి వెనక కొండ కింద ఉన్న మా షూటింగ్ క్లబ్బులో నాది టైమర్ పని, శిక్షణా నాదే. కాల్చేవాడి కుడి భుజం పక్కన నిలబడి బీప్ కొడతాను. ఆఖరి తూటా పేలగానే, "అయిపోతే ఖాళీ చెయ్యి, చూపించు" అంటాను. వాడు తూటాల మ్యాగజైన్ తీసేసి, పిస్టల్ లోపల మిగిలిన తూటాను కూడా బయటికి లాగేసి, ఖాళీ పిస్టల్ నా వైపు ఎత్తి చూపిస్తాడు. నేను సరే అంటేనే చెయ్యి దించాలి. పన్నెండేళ్లుగా ఇదే మాట. నిద్రలో కూడా అంటానని నా భార్య ఏడిపిస్తుంది.

సెక్యూరిటీ గార్డులకు ఏటా జరిగే పరీక్ష కూడా మా దగ్గరే. ఆరు తూటాలు కాల్చి, మ్యాగజైన్ మార్చి, మళ్లీ ఆరు కాల్చాలి. అంతా పది సెకన్లలో అయిపోవాలి. తాకట్టు కొట్టు ముందు కాపలా కాసే టెరియోకి పోయిన ఏడాది పదమూడు సెకన్లు పట్టింది. అరవై ఒక్కేళ్ల మనిషి, పాత సైనికుడు. గురి మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఆలస్యం ఎక్కడో అందరికీ కనిపించింది. మా ఆటగాళ్లు మ్యాగజైన్ మార్చేటప్పుడు పాతదాన్ని నేల మీదికి వదిలేస్తారు. అందులో ఇంకా తూటాలున్నా లెక్కచెయ్యరు, ఆట అయ్యాక ఏరుకుంటారు. టెరియో మాత్రం పాతదాన్ని అరచేత్తో పట్టుకుని, కొత్తది ఎక్కించి, పాతదాన్ని ప్యాంటు జేబులో దోపుకుని, అప్పుడు గానీ కాల్చలేదు.

"ఏం నోయ్, దాన్ని ఇంటికి పట్టుకెళ్లి కూర వండిస్తావా?" అన్నాడు రెస్తి. మా క్లబ్బు ఛాంపియన్ వాడు. పెద్దవాళ్లను నోయ్ అని పిలవడం మా మర్యాద. రెస్తి నోట్లో అది కూడా వెక్కిరింతలాగే వినబడుతుంది.

టెరియోకి కోపం రాలేదు. "బసీలాన్ యుద్ధంలో ఒకసారి అందరి తూటాలూ అయిపోయినయ్ సర్. ఇట్లా జేబులో దాచిన దాంట్లో నాలుగు మిగిలినయ్. ఆ నాలుగుతోనే ముగ్గురం బయటపడ్డాం."

"ఇది బసీలాన్ కాదులే. ఇక్కడ ఆకలేస్తే క్యాంటీన్ కూడా ఉంది!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాగితం మీద ఫెయిల్ అని రాశాను.

మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే టోపీ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఆ కాగితం లేకపోతే ఏజెన్సీ వాళ్లు తీసేస్తారు సర్. ఈ వయసులో నన్ను ఏ గేటు దగ్గర నిలబెడతారు? మా ఆవిడ మంచం మీదుంది."

"మూడు వారాల్లో మళ్లీ పరీక్ష పెడతా. రోజూ పొద్దున్నే రా. ఆ పాత అలవాటు మర్చిపో."

"మర్చిపోతే ఎట్లా సర్? వీధిలో కింద పడ్డవి నాకెవరు ఏరిస్తారు?"

"వీధి సంగతి తర్వాత నోయ్. ముందు కాగితం."

ఈ మాట నాది. ఇంకెవరి మీదికీ నెట్టను.

మూడు వారాలూ ఆ ముసలాయన్ని కాల్చుకు తిన్నాం. అతని చెయ్యి జేబు వైపు వెళ్లినప్పుడల్లా నేను వెదురు పుల్లతో వేళ్ల మీద కొట్టేవాణ్ణి. రెస్తి కోడిపెట్టలా కూత పెట్టేవాడు, వరసలో ఉన్నవాళ్లందరూ అందుకునేవారు. ఎన్ని దెబ్బలు తిన్నా చెయ్యి మాట వినలేదు. చివరికి విసుగొచ్చి, "రేపు ఆ జేబు కుట్టించుకుని రా" అన్నాను. మర్నాడు కుట్టించుకునే వచ్చాడు. మంచం మీద పడుకునే వాళ్లావిడ కుట్టిందట. నల్లదారం దొరక్క తెల్లదారంతో కుట్టింది.

రెండోసారి పరీక్షలో ఎనిమిది సెకన్లు. పాతది నేల మీద టప్పున పడింది, కొత్తది ఎక్కింది. నేను చెప్పకముందే ఖాళీ చేసి పిస్టల్ నా వైపు ఎత్తి, బడిపిల్లాడిలా నవ్వాడు. మర్నాడు ఇంట్లో చేసిన తోర్తా కేకు తెచ్చిపెట్టాడు. ఎక్కువ ముక్కలు రెస్తీయే తిన్నాడు.

నాలుగు నెలల తర్వాత, ఒక మంగళవారం పొద్దున పదింటికి, తాకట్టు కొట్టు మీదికి మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. మా క్లబ్బులో సభ్యుడైన ఒక పోలీసు కెమెరా వీడియోను సాయంత్రానికల్లా ఫోన్లో తెచ్చాడు. బెంచీ మీద కూర్చుని చూశాం.

టెరియో నాలుగు తూటాలు కాల్చి స్తంభం చాటుకి పరిగెత్తాడు. పరిగెడుతూనే మ్యాగజైన్ మార్చాడు. పది తూటాలున్న పాతది రోడ్డు మీద పడిపోయింది. చెయ్యి జేబు వైపు కదలను కూడా కదల్లేదు. ఇంకో మూడు కాల్చాడు. ఒకడు మెట్ల మీద కూలబడ్డాడు, రెండోవాడు కనిపించకుండా పోయాడు. అంతా సద్దుమణిగింది.

అప్పుడు టెరియో మ్యాగజైన్ తీసేశాడు. లోపలున్న తూటాను బయటికి లాగేశాడు. ఖాళీ పిస్టల్‌ను కుడి వైపు, భుజం ఎత్తున పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ ఎవరూ లేరు. సరే అనే మాట కోసం చూస్తున్నాడు. నా కోసమే చూస్తున్నాడు.

ఆగి ఉన్న జీప్నీ బండి వెనక నుంచి రెండోవాడు తాపీగా నడిచి వచ్చాడు.

టెరియో శవం చుట్టూ పేలని తూటాలు ఇరవై మూడు దొరికాయని చెప్పాడు పోలీసు. ప్యాంటు జేబు మీద తెల్లదారం ఫోన్లో కూడా కనిపిస్తోంది.

రెస్తి వీడియో వెనక్కి జరిపి ఇంకోసారి చూశాడు. "చూశావా కోచ్? మార్చడానికి ఒకటీ పాయింట్ ఏడు! ముసలోడి చేత అంత స్పీడు తెప్పించావంటే మామూలోడివి కాదు నువ్వు."

"ఏడు కాదు, ఆరు" అన్నాను నేను.

అప్పటికింకా శవాన్ని ఇంటికి పంపలేదు.