ఎత్తిన కాలు

దాణా కొట్టు వెనకగదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం మేం ఐదుగురం బ్లూగ్రాస్ అనే కొండ పాటలు వాయిస్తాం. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం. పాట ఎత్తుకున్నవాడే ఆ పాటకు పెద్ద. వాడు ముందు వాయించి పక్కవాడి వైపు తల ఊపుతాడు. తల ఊపితే నీ వంతు, నీది అయ్యాక నువ్వు నీ పక్కవాడికి ఊపాలి. పెద్ద కాలెత్తితే పాట ఆగాలి. ఈ చట్టం ఏ కాగితం మీదా లేదు. అయినా మా వెస్ట్ వర్జీనియా కొండల్లో పోలీసు మాట కంటే దీనికే విలువ.

మూడు వారాలుగా వెర్నా కోవాచ్ అనే అమ్మాయి ఆఖరి కుర్చీలో కూర్చుంటోంది, తిత్తి నొక్కి వాయించే వాళ్ళ తాత అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని. మూడు వారాలూ ఒకటే తంతు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ బాంజో వాయించే డార్విన్ స్టాంపరే, కొట్టు ఆయనది కాబట్టి. ఫిడేలు, మాండొలిన్, గిటారు వరసగా వాయిస్తాయి. వెర్నా వేళ్ళు మెట్ల మీద పెట్టేసరికి డార్విన్ బూటు గాల్లోకి లేస్తుంది. తిట్టడు, పొమ్మనడు. కాలెత్తుతాడు, అంతే.

కాలు లేవగానే పాటను చంపేది నేను. నాది బేస్, నిలబడి వాయించే నిలువెత్తు ఫిడేలు. అది మోగినంతసేపూ పాట బతికే ఉంటుంది. గని గేటు ముందు పదకొండు నెలలు సమ్మెలో నిలబడ్డవాణ్ణి, తుపాకులకు జంకనివాణ్ణి, ఒక ముసలి బూటును చూసి చేతులు ముడుచుకున్నాను. మూడు వారాలు.

నాలుగో శనివారం గుమ్మంలోనే వెర్నా నన్ను ఆపింది.

"బాబాయ్, ఇవాళ కూడా వంతు రాకపోతే ఇంక రాను. దీన్ని అటకెక్కించేస్తా."

"డార్విన్‌తో నేను మాట్లాడతాలే."

"నోటితో ఎందుకు? నీ చేతిలో బేస్ ఉందిగా."

లోపల డార్విన్ తీగలు సరిచేసుకుంటున్నాడు. "ఏం అమ్మాయ్, మళ్ళీ కొలిమితిత్తి తెచ్చావా? గుర్రాలకు లాడాలు కొట్టాలా ఏంటి?"

అందరూ నవ్వారు. వెర్నా నవ్వలేదు.

"తిత్తి అయితే ఏంటంట?" అన్నాను.

"ఒరే హోబర్ట్, ఇది సంప్రదాయంరా. మా నాన్న నాటి నుంచీ ఐదే వాయిద్యాలు. ఆరోది లేదు."

"నీ బాంజో ఎవరిది? ఆఫ్రికా నుంచి గొలుసులేసి లాక్కొచ్చినవాళ్ళది. మాండొలిన్ ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చింది. ఈ పిల్ల తాత హంగెరీ నుంచి అలాంటి ఓడే ఎక్కొచ్చి, మీ నాన్న పక్కనే బొగ్గు తవ్వాడు. గనికి ఆయన ఊపిరితిత్తులు పనికొచ్చాయి, నీకు ఆయన తిత్తి పనికిరాదా?"

"ఉపన్యాసం అయిందా? నా కొట్టు, నా పాట. నచ్చకపోతే తలుపు అదిగో."

పాట ఎత్తుకున్నాడు. ఫిడేలు అయింది. మాండొలిన్ అయింది. గిటారు ఆఖరి వరసలోకి వచ్చింది. బూటు లేచింది.

అందరి చేతులూ ఆగాయి.

నేను ఆపలేదు. ధుం, ధుం, ధుం. గదిలో నా బేస్ ఒక్కటే.

"హోబర్ట్!"

ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆపేస్తానని నాకు తెలుసు. గాల్లో ఉన్న ఆ బూటు వణకడం మాత్రం కనపడింది. డెబ్భై నాలుగేళ్ళ కాలు, ఎంతసేపని ఆగుతుంది? వంతు నాది కాదు, తల ఊపే హక్కు నాకు లేదు. అయినా వెర్నా వైపు ఊపాను.

మొదటి రెండు స్వరాలూ తప్పాయి. ఎవరో పళ్ళికిలించారు. మూడోదానికి దారి దొరికింది. అరుపూ లేదు, ఆర్భాటమూ లేదు, ఫిడేలు పలికిన వరసనే ఊపిరి పోసి పలికించింది. మాండొలిన్ వాడు ఉండబట్టలేక మళ్ళీ తాళం అందుకున్నాడు.

ఆమె వంతు అయిపోయింది. పక్క కుర్చీ డార్విన్‌ది. వెర్నా ఆయన వైపు తిరిగి తల ఊపింది.

తల ఊపితే కాదన్నవాడు ఈ కొండల్లో లేడు. కాదంటే చట్టం విరిచింది ఆయనే అవుతాడు. బూటు నేలకు దిగింది. బాంజో అందుకున్నాడు, కానీ రెట్టింపు వేగంతో, పిల్లను పడగొట్టాలని. ఆమె తాళం దెబ్బ దెబ్బకూ మధ్య తిత్తి నొక్కుతూ వదలకుండా వెంటబడింది. ఇద్దరి ముఖాల నిండా చెమటే.

డార్విన్ మళ్ళీ కాలెత్తాడు. ఈసారి ఆపాను.

బాంజో పెట్టెలో పెడుతూ ఆయన ఎవరి ముఖమూ చూడలేదు.

"ఆ తిత్తి తోలు కిర్రుమంటోంది. వచ్చే శనివారానికి నూనె పట్టించి తెచ్చి తగలడు."