నన్ను అన్నంలో కలిపారు

నేను ఒక క్యాబేజీని. ఇప్పుడు మిగిలింది పావు ముక్క. ఫ్రిజ్‌లో నిన్నటి చేపల పులుసు గిన్నె పక్కన కూర్చుని, ఆ కంపు పీలుస్తూ ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

పుట్టింది మదనపల్లె చలిలో. మా వంశం ఎప్పుడో సముద్రం దాటి ఈ దేశం వచ్చింది. వచ్చింది మొదలు మమ్మల్ని శనగపప్పుతో కలిపి ఇల్లంతా వాసన పట్టేదాకా ఉడికించడం, సి విటమిన్‌ను నీళ్లతోపాటు వంపేయడం, మిగిలిన పిప్పిని కూర అనడం. తలుచుకుంటేనే వెగటు.

పొన్నూరులో కోటిలింగంగారింటికి చేరాక నా బతుకు మారుతుందనుకున్నాను. ఆయనకు షుగరు. సూదంటే ప్రాణభయం. అన్నం సగానికి తగ్గించి, ముందు గిన్నెడు పచ్చి క్యాబేజీ నమలమంది డాక్టరమ్మ. వారంలో షుగరు దిగకపోతే ఇంజక్షనేనట. నాలో పీచు ఎక్కువ, పిండి తక్కువ. కడుపు నింపుతాను, షుగరు పెంచను. ఒక మనిషిని సూది నుంచి తప్పించే పని దొరికిందని పొంగిపోయాను.

ఆయన భార్య శేషారత్నంగారు నన్ను ఉప్పునీళ్లలో ముంచి, సన్నగా తరిగి, నిమ్మకాయ పిండారు. అంతవరకూ బాగుంది. కోటిలింగంగారు చిటికెడు నోట్లో వేసుకుని మొహం అష్టవంకర్లు తిప్పారు.

"ఏమేవ్, నేను మనిషినా, మేకనా?"

"ఉండండి, కాస్త రుచి తగిలిస్తా."

గరిటెడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. పైన గుప్పెడు వేరుశనగ పొడి. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇది అన్నంలోకి అదిరిపోద్దే!"

అంతే. పొగలు కక్కే అన్నంలో వేసి, ఐదు వేళ్లతో పిసికి ముద్దలు చేశారు. అన్నం తగ్గించడానికి వచ్చిన నాతోనే మారు వడ్డించుకున్నారు. వేళ్ల సందుల్లో కారే నూనె, ఆ త్రేన్పులు... డాక్టరమ్మ చెప్పింది కదా అని మర్నాటి నుంచి రెండు గిన్నెలు. దానికి తగ్గట్టు అన్నం. ఛీ!

వారానికి షుగరు ఇంకా పెరిగింది. శేషారత్నంగారు పక్కింటావిడతో అంటుంటే విన్నాను.

"మా ఆయనకి క్యాబేజీ పడలేదమ్మా."

నింద నా మీద!

ఈ మధ్యాహ్నం నా పక్కకు చిన్న అట్టపెట్టె వచ్చింది. ఇన్సులిన్. కాసేపటికి కోటిలింగంగారు ఫ్రిజ్ తీశారు. పెట్టెను చూశారు. పాపం, కళ్లు చెమర్చాయి. చటుక్కున నన్ను అందుకుని, పచ్చి రేకు ఒకటి చించి, నిలబడే కరకర నమిలారు. తరువాత ఇంకొకటి. ఇన్నాళ్లకు! నా అసహ్యమంతా ఒక్క క్షణం మరిచిపోయాను.

మూడో రేకు దగ్గర నమలడం ఆగింది.

"ఏమేవ్, గిన్నెలో అడుగున అన్నమేమన్నా మిగిలిందా?"